కన్వర్టర్‌కు ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేయాలి?

బండి కరెంటు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో 24 వోల్టుల కరెంటును 12 వోల్టులుగా మార్చే కన్వర్టర్ గురించి నాలుగు మాటలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫ్యూజు గురించే. ఇంతమంది అడగడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా బళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. కాలిపోయిన వైర్ల కట్ట విప్పినప్పుడు చాలాసార్లు నాకు కనిపించేది ఒకటే: ఫ్యూజు లేకపోవడం కాదు, ఉండాల్సిన దానికంటే పెద్దది ఉండడం. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది 24 వోల్టుల లారీ. క్యాబిన్‌లో పాటల సెట్టు, చిన్న ఫ్యాను, రెండు ఫోన్ ఛార్జర్లు, వెనక కెమెరా పెట్టించాను. వీటికోసం 12 వోల్టుల కన్వర్టర్ వేయించాను. దాని మీద 20 ఆంపియర్లు అని ఉంది. బ్యాటరీ నుంచి ఐదు మీటర్ల దూరం, వైరు 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు). మెకానిక్ 30 ఆంపియర్ల ఫ్యూజు కన్వర్టర్ పక్కనే బిగించి, "పెద్దదైతే మాటిమాటికీ పోదు" అన్నాడు. ఇలా ఉంచవచ్చా? (ఒక లారీ యజమాని)

జవాబు: ఉంచవద్దండి. ఈ ఉత్తరం అందిన రోజే మార్పించండి. రెండు తప్పులున్నాయి: ఫ్యూజు సైజు ఒకటి, దాని చోటు ఇంకొకటి.

ముందుగా ఆ 20 సంగతి చూద్దాం. అది కన్వర్టర్ బయటకు ఇచ్చే కరెంటు, అంటే 12 వోల్టుల వైపుది. మీరు ఫ్యూజు వేసింది కన్వర్టర్‌లోకి కరెంటు వచ్చే వైరు మీద, అంటే బ్యాటరీ వైపు. అక్కడ పారే కరెంటు వేరు. లెక్క ఇలా వేయాలి. పేరుకు 12 వోల్టులదైనా కన్వర్టర్ నిండు లోడు మీద 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు ఇస్తుందనుకుంటే 276 వాట్లు. దారిలో పదో వంతు వేడిగా పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది సుమారు 307 వాట్లు. ఇంజన్ నడుస్తూ 28 వోల్టులు ఉన్నప్పుడు ఇది 11 ఆంపియర్లు. ఇంజన్ ఆపి 24 వోల్టులకు దిగితే 12.8. రాత్రంతా పాటలు పెట్టి బ్యాటరీ 21 వోల్టులకు పడిపోతే 14.6.

వోల్టులు తగ్గుతుంటే ఆంపియర్లు పెరిగాయి, చూశారా? చాలామంది మెకానిక్‌లు తడబడేది ఇక్కడే. బల్బుకు వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గుతుంది, బల్బు మసకబారుతుంది. కన్వర్టర్ అలా కాదు. అవతల పాటల సెట్టుకు ఇవ్వాల్సిన వాట్లు అది ఎలాగైనా ఇచ్చి తీరాలి. తొట్టి నిండాల్సిన సమయం అంతే, కానీ చేతికి బిందె బదులు చెంబు ఇచ్చారనుకోండి. ఎక్కువసార్లు తిరగాలి కదా. అందుకని ఫ్యూజు లెక్క ఎప్పుడూ బ్యాటరీ బాగా దిగిపోయినప్పటి వోల్టేజి మీద వేయాలి. 24 అని పట్టుకుని లెక్క వేస్తే నడిరాత్రి ఫ్యూజు పోవచ్చు. అది ఎందుకు పోయిందో తెలియక పక్కవాళ్లు పెద్దది వేస్తారు. మీ బండిలో 30 చేరింది బహుశా ఇలాగే.

ఫ్యూజు రోజంతా మోయాల్సిన కరెంటు, దాని మీద రాసినదాంట్లో ముప్పావు వంతు దాటకూడదు. 14.6 ఆంపియర్లు ముప్పావు వంతు కావాలంటే ఫ్యూజు సుమారు 19.5 ఉండాలి, అంటే పసుపుపచ్చ రంగు 20 ఆంపియర్ల ఫ్యూజు. పెట్టె మీది అంకె, ఈ అంకె ఒకటే కావడం కేవలం కలిసిరావడం. ఇదే కన్వర్టర్ 48 వోల్టుల మీద పనిచేసే రకమైతే జవాబు అందులో సగం వస్తుంది.

ఇక వైరు. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ఫ్యూజు కన్వర్టర్‌ను కాపాడడానికి అని అందరూ అనుకుంటారు. కన్వర్టర్ లోపల ఏదైనా కాలితే, ఫ్యూజు పోయేలోగానే అది కాలిపోయి ఉంటుంది. ఫ్యూజు కాపలా కాసేది వైరును. మిగతా వైర్లతో కట్టలో ఉండి, వేడి క్యాబిన్ గుండా వెళ్లే 2.5 స్క్వేర్ వైరును నేను 20 ఆంపియర్లకు మించి నమ్మను. దాని మీద 30 ఆంపియర్ల ఫ్యూజు ఏం చేస్తుందో చూడండి. రెండు చదును కాళ్లతో గుచ్చే ఈ బ్లేడు ఫ్యూజులకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 8820 అంటారు. దాని ప్రకారం రాసిన కరెంటుకు 10 శాతం ఎక్కువ పారినా ఫ్యూజు కనీసం 100 గంటలు పోకూడదు. 35 శాతం ఎక్కువైతే 10 నిమిషాల లోపు పోవాలి, కానీ ఆ 10 నిమిషాలూ ఓర్చుకునే వీలు దానికి ఉంది. అంటే మీ బండిలో 33 ఆంపియర్లు గంటల తరబడి పారినా, 40 ఆంపియర్లు పది నిమిషాలు పారినా ఆ 30 ఆంపియర్ల ఫ్యూజు చెక్కుచెదరకపోవచ్చు. వైరు మాత్రం లోపల మెత్తబడుతుంటుంది.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బస్సులో ఇదే చేశాను. ఫ్యూజు రెండుసార్లు పోతే మూడోసారి పెద్దది వేసి పంపాను. ఫ్రేము అంచుకు ఒరుసుకుని ఒక వైరు తోలు ఊడుతోంది. పూర్తి షార్ట్ కాదు, అరకొర షార్ట్. ఫ్యూజు పోలేదు. వారం తర్వాత బస్సు తిరిగి వచ్చేసరికి ఆ వైరూ పక్కన ఉన్న నాలుగు వైర్లూ కరిగి ఒకే ముద్దగా అతుక్కున్నాయి. లోపల మనుషులు ఉండగా నడిచిన బస్సు అది. ఆ ముద్దను కోసి తీసి చాలా ఏళ్లు నా పనిబల్ల మీద పెట్టుకున్నాను.

మీకు నా సలహా ఇది. ముందు అన్నీ ఆన్ చేసి, కన్వర్టర్ 12 వోల్టుల వైపు డీసీ క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ పట్టించి కొలిచేది) కరెంటు కొలవండి. మీరు చెప్పిన సామానుకు 10 ఆంపియర్లు దాటడం కష్టమే. 10 ఆంపియర్లైతే బ్యాటరీ వైపు, 21 వోల్టుల దగ్గర కూడా, సుమారు 7.3 వస్తుంది. దానికి ఎర్ర రంగు 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఉన్న వైరునూ మార్చక్కర్లేదు. రేపు ఇంకా సామాను చేర్చి కన్వర్టర్‌ను నిండా వాడుకోవాలనుకుంటే 4 స్క్వేర్ వైరు లాగించి 20 ఆంపియర్లది వేయండి. పెద్ద వైరుతో ఇంకో లాభం ఉంది. రానూపోనూ పది మీటర్ల 2.5 స్క్వేర్ వైరులో నిండు లోడు మీద ఒక వోల్టు దాకా పోతుంది, 4 స్క్వేర్‌లో ముప్పావు వోల్టు కూడా పోదు.

చోటు సంగతి: ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలో ఉండాలి. కన్వర్టర్ పక్కన పెడితే ఆ ఐదు మీటర్ల వైరుకు కాపలా ఎవరు? దారిలో ఎక్కడ బాడీకి తగిలినా బ్యాటరీలో ఉన్న శక్తి అంతా ఆ వైరులోనే తగలబడుతుంది. ఆ జానెడు వైరు మీద కూడా మందపాటి స్లీవు తొడిగించండి, దానికి ముందు ఇంకే రక్షణా లేదు కాబట్టి.

ప్రశ్న: కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే 12 వోల్టుల వైపు కూడా ఫ్యూజు కావాలా? (పై ప్రశ్న లాంటిదే, ఒక బస్సు డ్రైవరు)

జవాబు: కావాలి, కానీ ఒకే పెద్దది కాదు. మంచి కన్వర్టర్ తన పరిమితి దాటగానే కరెంటును తనే తగ్గించేస్తుంది లేదా ఆగిపోతుంది. కాబట్టి 20 ఆంపియర్ల కన్వర్టర్‌కు 12 వోల్టుల వైపు 20 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, షార్ట్ అయినా అది ఎన్నటికీ పోకపోవచ్చు. కెమెరాకు వెళ్లే సన్నటి వైరు మాత్రం ఆ 20 ఆంపియర్లకు ఎర్రగా కాలుతుంది. చిన్న ఫ్యూజు బాక్సు ఒకటి పెట్టి కెమెరాకు 3, ఛార్జర్లకు 5, పాటల సెట్టుకు 10 ఇలా విడివిడిగా వేయండి. ఏదో ఒక కొమ్మలో తేడా వస్తే ఆ కొమ్మే ఆగుతుంది.

ప్రశ్న: కన్వర్టర్ ఎందుకు, రెండు బ్యాటరీల నడుమ నుంచి 12 వోల్టులు తీసుకుంటే చాలదా? ఫ్యూజు వేసే తీసుకుంటాను. (ఒక ట్రాలీ యజమాని)

జవాబు: ఫ్యూజు వైరును కాపాడుతుంది, బ్యాటరీలను కాదు. ఆ 12 వోల్టులు ఇచ్చే కింది బ్యాటరీ రోజూ ఎక్కువ ఖర్చవుతుంది, ఆల్టర్నేటర్ మాత్రం రెండింటికీ కలిపి 28 వోల్టులే చూస్తుంది. కింది బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతో ఉంటుంది, పైదానికి ఛార్జి ఎక్కువై నీళ్లు ఆవిరైపోతాయి. కొన్ని నెలల్లో రెండూ పాడవుతాయి. కన్వర్టర్ పెట్టుకోండి.

ప్రశ్న: మా వ్యాన్‌లో కన్వర్టర్‌కు 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. ఫ్యూజు బాగానే ఉంది, కానీ దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోయింది. ఫ్యూజు నాసిరకందా? (వ్యాన్ నడిపే సోదరి ఒకరు)

జవాబు: అమ్మా, ఫ్యూజును అనుమానించకండి. తప్పు హోల్డర్ లోపలి పట్టుది. ఫ్యూజు కాళ్లను బిగించి పట్టుకునే రేకు వదులైనా, నల్లబడినా అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడి ఫ్యూజుకు తెలియదు, ఎందుకంటే కరెంటు మామూలుగానే ఉంది.

దీన్ని మల్టీమీటరుతో తేలిగ్గా పట్టుకోవచ్చు. లోడు అంతా ఆన్ చేసి, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, హోల్డర్‌కు ఇటు వైరు మీద ఒక ముల్లు, అటు వైరు మీద ఒక ముల్లు ఆనించండి. వోల్టులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. 0.3 వోల్టులు కనిపించి, కరెంటు 15 ఆంపియర్లు ఉంటే అగ్గిపెట్టె అంత లేని ఆ డబ్బాలో 4.5 వాట్ల వేడి తిరుగుతోందన్నమాట. రోజుకు ఎనిమిది గంటలు అలా ఉంటే ప్లాస్టిక్ ఎందుకు నిలుస్తుంది? కొత్త హోల్డర్ కొనేటప్పుడు దాని నుంచి వచ్చే వైరు మందం చూడండి. "30 ఆంపియర్లు" అని ముద్రించి సన్నటి వైరు అంటగట్టిన హోల్డర్లు నా చేతికి చాలా వచ్చాయి. వైరు కనీసం 4 స్క్వేర్ ఉండాలి, చివర లగ్గు (వైరు కొనకు తొడిగే లోహపు ముక్క) క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి ఉండాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కింది కొన్నాళ్లకు వదులవుతుంది.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ 60 వోల్టులది. లైట్లకు, హారన్‌కు 12 వోల్టుల 10 ఆంపియర్ల కన్వర్టర్ ఉంది. పాత ఫ్యూజు పోతే కారులో వాడే ఎర్ర బ్లేడు ఫ్యూజు, 10 ఆంపియర్లది వేశాను. నడుస్తోంది. ఏమన్నా ఇబ్బందా? (ఒక కాలేజీ విద్యార్థి)

జవాబు: బాబూ, నడవడం వేరు, ఆపాల్సినప్పుడు ఆపడం వేరు. ఆ ఫ్యూజు తీసి తల మీద చూడు. కారు బ్లేడు ఫ్యూజుల్లో చాలావాటికి 32 వోల్టుల దాకానే అనుమతి. నీ బ్యాటరీలో 17 లిథియం సెల్‌ల వరస ఉందనుకుంటే నిండా ఛార్జి అయినప్పుడు 71.4 వోల్టులు ఉంటుంది. 32 వోల్టుల ఫ్యూజు ఈ వోల్టేజి మీద తెగినప్పుడు, తెగిన రెండు కొనల మధ్య నిప్పు కమ్మీలా ఆర్క్ నిలబడుతుంది. తీగ తెగింది కానీ కరెంటు తెగలేదు. ఫ్యూజే చిన్న వెల్డింగ్ మంటగా మారుతుంది.

ఇంట్లో వాడే గాజు ఫ్యూజు మీద 250 వోల్టులు అని ఉంటుంది కదా, అది వేస్తానని అనుకోకు. ఆ 250 ఏసీకి. ఏసీ కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఆర్క్‌కు ఆరిపోయే అవకాశం దొరుకుతుంది. డీసీకి ఆ సున్నా లేదు, అంటుకుంటే అలాగే నిలుస్తుంది. డీసీ వోల్టులు స్పష్టంగా ముద్రించిన ఫ్యూజే తీసుకో. సోలార్ ప్యానెళ్లకు వాడే 10 మిల్లీమీటర్ల లావు, 38 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గొట్టం ఫ్యూజులు 1000 వోల్టుల డీసీకి తయారవుతాయి. వాటిని వాటి హోల్డర్‌తో సహా వాడితే నీ స్కూటర్‌కు నిశ్చింత.

సైజు కూడా పెద్దదే వేశావు. 12 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే 120 వాట్లు. నష్టం కలిపి 133. బ్యాటరీ బాగా దిగి 51 వోల్టుల దగ్గర ఉన్నా 2.6 ఆంపియర్లే. 4 ఆంపియర్ల ఫ్యూజు చాలు. మార్చే ముందు బ్యాటరీ ప్లగ్గు పీకెయ్. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసి పక్కన పెట్టు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే ఉంగరం వేలికి అతుక్కునేంత కాలుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా కారులో 600 వాట్ల ఇన్వర్టర్ పెట్టుకుని సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించాం. ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ చిన్న మిక్సీ వేయగానే కారు ఫ్యూజు పోతోంది. సాకెట్‌కు పెద్ద ఫ్యూజు వేయమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ సాకెట్ వెనక వైరు మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్ల కోసం వేసింది. ల్యాప్‌టాప్ 90 వాట్లు అంటే బ్యాటరీ వైపు 10 ఆంపియర్లు, అంతవరకు సరే. 600 వాట్లు నిండుగా లాగితే, ఇన్వర్టర్‌లో 15 శాతం నష్టం, బ్యాటరీ 10.5 వోల్టులకు దిగిన స్థితి లెక్కేస్తే 67 ఆంపియర్లు. ఏ సాకెట్టూ దాన్ని మోయలేదు.

ఇన్వర్టర్‌ను నేరుగా బ్యాటరీకి 25 స్క్వేర్ వైరుతో కలిపించి, టెర్మినల్ పక్కనే 100 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ఇది గుచ్చే రకం కాకూడదు, బోల్టుతో బిగించే మిడి లేదా ఏఎన్ఎల్ రకం కావాలి. కారణం ఆంపియర్లు ఒక్కటే కాదు. షార్ట్ అయిన క్షణంలో కారు బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా తోయగలదు. మామూలు బ్లేడు ఫ్యూజు క్షేమంగా తెంచగలిగేది సుమారు 1000 వరకే. మిడి 2000, ఏఎన్ఎల్ 6000 దాకా తెంచగలవు. వ్యాన్‌లలో పెద్ద లిథియం బ్యాటరీ పెట్టుకునేవాళ్లు ఇంకా పైకి వెళ్లి, 20,000 ఆంపియర్లను తెంచే క్లాస్ టి ఫ్యూజు వేయాలి. మిక్సీ మొదలయ్యేటప్పుడు ఒక క్షణం రెట్టింపు లాగుతుంది. 100 ఆంపియర్ల ఫ్యూజు ఆ క్షణాన్ని ఓర్చుకుంటుంది, దానికోసం 150కి వెళ్లనక్కర్లేదు.

ప్రశ్న: ఇరవై నాలుగు నుంచి పన్నెండుకు మార్చే కన్వర్టర్, 20 ఆంపియర్లది. బ్యాటరీకి కలపగానే టప్‌మని ఫ్యూజు పోతోంది. రెండు పోయాయి. మూడోది వేసి చూడనా? తాత్కాలికంగా రాగి తీగ చుట్టుకుని ఊరు చేరమని తోటి డ్రైవరు అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక డ్రైవరు)

జవాబు: రాగి తీగ మాట మరిచిపోండి. ఒక మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ కరగాలంటే దాదాపు 80 ఆంపియర్లు కావాలి. అంతవరకు మీ వైరు ఆగదు. కన్వర్టర్ లేకుండా కూడా లారీ ఊరు చేరుతుంది. దాని వైరు పీకి, కొన టేపు చుట్టి బయలుదేరండి.

తీరిక దొరికాక ఈ పరీక్ష చేయండి. మూడో ఫ్యూజు ఖర్చు చేయక్కర్లేదు. బ్రేకు లైటుకు వాడే 24 వోల్టుల 21 వాట్ల బల్బు తీసుకుని రెండు వైర్లు అతికించండి. 12 వోల్టుల వైపు సామానంతా విప్పేసి, ఫ్యూజు ఉండే చోట ఆ బల్బును కలపండి. ఇప్పుడు ఎంత షార్ట్ ఉన్నా బల్బు గుండా ఒక ఆంపియరుకు మించి పారదు, ఏదీ కాలదు.

బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే కన్వర్టర్ బాగానే ఉంది. ఆ మెరుపు లోపలి కెపాసిటర్లు (కరెంటును కాసేపు దాచుకునే భాగాలు) నిండడం. పెద్ద కన్వర్టర్లలో ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు మింగి, సైజు మరీ బిగుతుగా ఉన్న ఫ్యూజును కొట్టేస్తాయి. బల్బుతో రెండు సెకన్లు నింపి, వెంటనే ఫ్యూజు పెడితే నిప్పురవ్వ కూడా రాదు. మీరు వేసిన ఫ్యూజు 20 కంటే చిన్నదేమో కూడా చూసుకోండి.

బల్బు నిండు వెలుగుతో అలాగే వెలుగుతుంటే లోపల షార్ట్. అప్పుడు ఒక్కటి గుర్తు చేసుకోండి: ఎప్పుడైనా ప్లస్, మైనస్ తారుమారు చేసి కలిపారా? చాలా కన్వర్టర్లలో తప్పుగా కలిపితే ఫ్యూజును పోగొట్టడానికే లోపల ఒక డయోడ్ అడ్డంగా పెడతారు. అది కాలి షార్ట్ అయి ఉంటే, తెలిసిన ఎలక్ట్రానిక్స్ పనివాడు పదినిమిషాల్లో మార్చేస్తాడు. కరెంటును తెంచి కలిపే మాస్‌ఫెట్ పోయి ఉంటే మాత్రం బాగుచేయించకండి. అది మళ్లీ షార్ట్ అయితే 24 వోల్టులు నేరుగా 12 వోల్టుల సామాను మీదికి వచ్చేస్తాయి, ఫ్యూజు పోయేలోగా పాటల సెట్టు, కెమెరా రెండూ పోతాయి. కొత్తది వేయించుకోండి. పాత వైరు మాత్రం ఉంచండి, ఎక్కడా తోలు ఊడలేదని చివరిదాకా చేత్తో తడిమి చూసిన తర్వాత.